పాలసీ ఉన్నా ఈ సూది ఖర్చు మీదే

భట్టిప్రోలు నుంచి ఓపీకి వచ్చిన ఒకావిడ ఓ మందుల చీటీ నా ముందు పెట్టారు. ‘‘మా కోడలు అమెరికాలో బరువు తగ్గే ఈ ఇంజెక్షన్‌కు నెలకు పాతిక డాలర్లే కడుతోందండీ. మాకూ హెల్త్ పాలసీ ఉందిగా, రాదా?’’

రాదని చెప్పాను. మీలో చాలామందికీ ఇదే సందేహం ఉండొచ్చు.

అమెరికాలో వెగోవీ 2021లో వచ్చినప్పుడు నెల ధర 1,349 డాలర్లు. ఉద్యోగంలో ఇచ్చిన ఇన్సూరెన్సు ఒప్పుకుని, దానికి మందుల కంపెనీ రాయితీ తోడైతేనే పాతిక డాలర్లు. అక్కడా అందరికీ ఆ వీలు లేదు.

మన పాలసీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుకు. ఇంట్లో వారానికోసారి పొట్టకు వేసుకునే సూది సాధారణంగా అందులోకి రాదు. పైగా ఊబకాయం చికిత్స మినహాయింపుల జాబితాలో ఉంటుంది. ఐఆర్‌డీఏఐ నిబంధనల్లో సడలింపు ఉన్నది సర్జరీకే. అదీ బీఎంఐ 40 లేదా ఆపైన ఉంటే, లేదా 35కు చేరి గుండెజబ్బో, అదుపులోకి రాని షుగరో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో ఉంటే. ఓపీడీ కవర్ ఉందంటారా? ఈ మందు పేరు చెప్పి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఏజెంటు నోటిమాట చాలదు.

ఇక జేబు లెక్క. 2025 మార్చిలో మౌంజారో వచ్చినప్పుడు 5 ఎంజీ వయల్ 4,375 రూపాయలు. నెలకు నాలుగని లెక్కేసి పన్నెండుతో హెచ్చవేస్తారు. ఏడాదికి వారాలు 52. అంటే 2,27,500. ఆ జూన్‌లో వచ్చిన వెగోవీ తొలి డోసు నెలకు 17,345; నవంబరులో 10,850కి తగ్గించారు. 2026 మార్చితో సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు తీరి జనరిక్‌లకు దారి తెరుచుకుంది. భారం తగ్గుతుంది, సంతోషమే.

నా బెంగ వేరు. పెళ్లి ఉందని మూడు నెలలు వాడి మానేసేవాళ్లను చూస్తున్నాను. సెమాగ్లుటైడ్ మానేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చినట్టు ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. షుగరు, బీపీ ఉన్న స్థూలకాయులకు ఇది మంచి మందే. కానీ బీపీ మాత్రలా ఏళ్ల తరబడి కొనాల్సిన మందు. చవగ్గా దొరికిందని సొంతంగా మొదలుపెట్టకండి. గతంలో పాంక్రియాటైటిస్ వచ్చినా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా ముందే డాక్టరుకు చెప్పాలి.

ఆవిడ బీఎంఐ 31, బీపీ ఉంది. మందుకు అర్హులే. ‘‘మూడేళ్లు కొనగలరా అమ్మా?’’ అని అడిగాను. చీటీ మడిచి సంచిలో పెట్టుకుని, ఆయనతో మాట్లాడి వస్తానన్నారు.