చిన్న ఇల్లు, ఉమ్మడి వాకిలి

మన సంఘాల్లో సొంత ఇంటి సాక్ష్యం తరచుగా వినిపిస్తుంది. అద్దె ఇంట్లో పడిన పాట్లు, మోకాళ్ల మీద చేసిన ప్రార్థనలు, బ్యాంకు లోను మంజూరు కావడం, చివరికి గృహ ప్రతిష్ఠ. సంఘమంతా ‘ఆమెన్’ అంటుంది. అందులో తప్పేమీ లేదు. తలదాచుకునే చోటు దేవుడిచ్చే మేలే. అయితే ఇలాంటి సాక్ష్యాలు ఏళ్ల తరబడి వింటూ మనకు తెలియకుండానే ఒక కొలబద్ద తయారు చేసుకున్నాం. ఇల్లు ఎంత పెద్దదైతే ఆశీర్వాదం అంత పెద్దదట! మూడు పడక గదులవాడు దీవెన పొందినవాడు, ఒక్క గదివాడు ఇంకా విశ్వాసంలో ఎదగాల్సినవాడు. ఈ కొలబద్ద బైబిల్లోది కాదు, రియల్ ఎస్టేట్ కరపత్రంలోది.

దీనికి మూల్యం చెల్లిస్తున్నది మన యువ దంపతులు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక దాని లోపలా బయటా నేల ధర సామాన్యుడి చేయి దాటిపోయింది. ఒక నర్సుకో, ప్రైవేటు స్కూలు టీచరుకో కనిపించేవి రెండే దారులు. ఇరవై ఏళ్లు ఈఎంఐ కింద నలగడం, లేదా బతుకంతా అద్దె ఇళ్లు మారుతూ ఉండడం. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసుప్రభువు అడిగాడు (లూకా 14:28). మనం మాత్రం లెక్క చూసుకున్నవాణ్ని అల్పవిశ్వాసి అంటున్నాం, చూసుకోనివాడితో సాక్ష్యం చెప్పిస్తున్నాం.

మూడో దారి ఒకటుంది. శివార్లలో కొంచెం నేల తీసుకుని చిన్న చిన్న ఇళ్లను ఒక ఉమ్మడి వాకిలి చుట్టూ గుంపుగా కట్టుకోవడం. ఇది కొత్త సంగతేమీ కాదు. గలిలయ సముద్ర తీరాన కపెర్నహూములో 1968 నుంచి ఫ్రాన్సిస్కన్ సన్యాసులైన పురావస్తు పండితులు తవ్వకాలు జరిపారు. అక్కడ బయటపడినవి నల్లరాతి గోడల చిన్న గదులు. అవి ఉమ్మడి ముంగిళ్ల చుట్టూ గుంపులుగా ఉన్నాయి. వంటా, పిండి విసరడం, పిల్లల ఆటలు ముంగిట్లోనే సాగేవి. కొమ్మలూ మట్టీ పరిచిన తేలిక కప్పులు గనుకనే నలుగురు మనుషులు కప్పు విప్పి పక్షవాయువు గలవాణ్ని ప్రభువు ముందుకు దించగలిగారు (మార్కు 2:4). పేతురు ఇల్లు కూడా అలాంటి ముంగిట్లోనే ఉండేదని సంప్రదాయం. పట్టణమంతా ఆ వాకిట కూడిందని మార్కు రాశాడు (1:33). ప్రభువు స్వస్థతలు జరిగినది విల్లాల్లో కాదు, ఇరుకిళ్ల మధ్య.

ఈ పద్ధతికి మన కాలంలోనూ మళ్లీ గుర్తింపు వస్తోంది. మన పిల్లలెందరో ఉద్యోగాలు చేస్తున్న సియాటిల్ సమీపంలో విడ్‌బీ అనే దీవి ఉంది. అందులోని లాంగ్లీ అనే చిన్న ఊరు ఇలాంటి ఇళ్ల గుంపులకు 1995లో ప్రత్యేక నిబంధన చేసింది. 1998లో అక్కడ రాస్ చాపిన్ అనే ఆర్కిటెక్టు రూపకల్పనలో ఎనిమిది చిన్న ఇళ్లు ఒక ఉమ్మడి తోట చుట్టూ వెలిశాయి. కార్లు ఒక పక్కన ఆగుతాయి, మనుషులు తోట మీదుగా ఇంటికి నడుస్తారు. 2019లో ఆరెగాన్ రాష్ట్రం పాతిక వేలు దాటిన జనాభా గల పట్టణాల్లో ఇలాంటి ఇళ్లను అనుమతించాలని చట్టమే చేసింది. లాంగ్లీ ఇళ్లు పేదల కోసం కట్టినవి కావు. అయినా నేలను పంచుకునే విధానం మనకు పనికొస్తుంది.

మన లెక్కలోనే చూద్దాం. అర ఎకరం అంటే 2,420 గజాలు. రోడ్లకు మూడో వంతు వదిలి 200 గజాల ప్లాట్లు చేస్తే ఎనిమిది వస్తాయి. ఎనిమిది ఇళ్లు, ఎనిమిది ప్రహరీలు, ఎనిమిది బోర్లు. అదే నేలలో ఒక్కొక్కటి 60 గజాల్లో, అంటే 540 చదరపు అడుగుల్లో, పదహారు ఇళ్లు కడితే వాటికి పట్టేది 960 గజాలే. మిగిలిన 1,460 గజాలు దారికీ, బండ్లు నిలపడానికీ, ఉమ్మడి వాకిలికీ, నాలుగు వేపచెట్లకూ సరిపోతాయి. మునిసిపల్ నిబంధనలను బట్టి ఈ లెక్క కొంత మారవచ్చు. కానీ ఒక్కో కుటుంబం మీద పడే నేల ఖర్చు దాదాపు సగానికి దిగుతుంది. బోరు ఒకటే, ప్రహరీ ఒకటే.

దీనికి వాక్యం నుంచే అభ్యంతరం చెప్పేవారుంటారు. ఇంటికి ఇల్లు కలుపుకునేవారికి శ్రమ అని యెషయా అన్నాడు కదా (5:8) అంటారు. ఆ మాట చివరి దాకా చదవాలి. ఇతరులకు చోటు లేకుండా చేసి దేశమంతటిలో తామొక్కరే కాపురముండాలనుకునే వారిని ప్రవక్త గద్దించాడు. దగ్గరగా బతకడం ఆయన దృష్టిలో తప్పు కాదు. తప్పు పక్కవాడి చోటు మింగేయడం. ఆ గద్దింపు తగిలేది పదహారు చిన్న ఇళ్లవారికి కాదు. తమ కాలనీ పక్కన చిన్న ఇళ్లు వస్తే ప్లాటు ధర పడిపోతుందని అర్జీలు పెట్టేవారికి తగులుతుంది. అలాంటి అర్జీ మీద విశ్వాసి సంతకం ఉండకూడదు.

ఇంకో అభ్యంతరం ఉంది. ఉమ్మడి వాకిలి అంటే ఉమ్మడి తగాదా కదా అంటారు. నిజమే. నీళ్ల మోటారు దగ్గరా, చెత్త దగ్గరా, పిల్లల దగ్గరా మాటా మాటా వస్తుంది. నిర్వహణ ఖర్చులకు ముందే సొసైటీ, లిఖిత నియమాలు ఉండాలి. కానీ ప్రహరీల వెనుక మనం సాధించిన శాంతి ఏపాటిది? పక్కింట్లో ముసలాయన మంచాన పడ్డ సంగతి కూడా తెలియకపోవడాన్ని శాంతి అందామా? పొరుగువాణ్ని ప్రేమించాలన్న ఆజ్ఞ పాటించాలంటే ముందు పొరుగువాడు కంటికి కనిపించాలి.

మరి సంఘం చేయగలిగిందేమిటి? అమెరికాలోని జార్జియాలో క్లారెన్స్ జోర్డాన్ అనే బాప్టిస్టు గ్రీకు పండితుడు ఒక క్రైస్తవ వ్యవసాయ క్షేత్రం నడిపేవాడు. అక్కడ మొదలైన వడ్డీ లేని ఇళ్ల ఆలోచన నుంచి మిల్లర్డ్, లిండా ఫుల్లర్ దంపతులు 1976లో ‘హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ’ స్థాపించారు. ఇల్లు పొందే కుటుంబం తన ఒళ్లు వంచి పని చేయాలి, కొంచెం కొంచెంగా తిరిగి కట్టాలి. భారతదేశంలో ఆ సేవ 1983లో మన ఖమ్మంలోనే మొదలైంది. బీదవాడికి అప్పిచ్చినప్పుడు వడ్డీ తీసుకోవద్దన్న నిర్గమకాండపు ఆజ్ఞ (22:25) తెలుగు నేల మీద ఇటుకై నిలిచింది.

మనం అంత పెద్ద పని చేయలేకపోవచ్చు. కానీ చుట్టూ చూస్తే మన మధ్యే ఇల్లు లేనివారున్నారు. ముప్పై ఏళ్లు పాస్టరేటులో కాపురముండి, పదవీ విరమణ నాడు సామాను సర్దుకుని ఎక్కడికెళ్లాలో తెలియని కాపరులు, బైబిల్ ఉమన్‌లు, భర్త పోయిన సువార్తికుల భార్యలు. కొన్ని సంఘాలకు మిషనరీలు వదిలివెళ్లిన విశాలమైన కాంపౌండ్లున్నాయి. ట్రస్టు నిబంధనలు అనుమతించే చోట, ఆ నేలను అమ్మకుండా, అందులో ఓ మూల ఎనిమిదో పదో చిన్న ఇళ్లు కట్టి తక్కువ అద్దెకు ఇవ్వలేమా? షూనేమీయురాలు ఎలీషాకు ఇచ్చినది చిన్న గదే. మంచం, బల్ల, పీట, దీపం, అంతే (2 రాజులు 4:10). దైవజనుడికి అది చాలింది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. సంఘం పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవారికి పుల్పిట్ ఇవ్వకూడదు. పైన చెప్పిన పదహారు ఇళ్ల లాంటివి అమ్మకానికి కడితే 2016 నాటి చట్టం కింద రెరా నమోదు తప్పనిసరి. విశ్వాసుల పొదుపు సొమ్ముకు కాపరి మాట పూచీకత్తు కారాదు. పత్రాలు లాయరు చూడాలి, ప్రార్థన కాపరి చేయాలి.

ఈసారి గృహ ప్రతిష్ఠకు వెళ్లినప్పుడు గదులు లెక్కపెట్టడం మానేద్దాం. ఆ గడపలోకి ఎవరెవరు రాగలరో, ఆ వాకిట్లో ఎందరు కూర్చోగలరో చూద్దాం. మన యువకుడెవరైనా అప్పు తక్కువగా చేసి చిన్న ఇల్లు కట్టుకుంటే, ఆదివారం అతణ్నీ ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమందాం. సంఘం అప్పుడు కూడా గట్టిగా ‘ఆమెన్’ అనాలి.