ముద్దులు మీవి, పెంట నాదా?

కోరుట్లలో మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయితే తొమ్మిది రోజులు తల్లిగారింట్లో ఉండి, పదో రోజు సాయంత్రం గొల్లపల్లికి తిరిగొచ్చాను. గేటు తీయకముందే వాసన. వరండా మూలకు మా లడ్డుగాడి పంజరం. లడ్డు అంటే గినీ పిగ్. నిరుడు దసరా సెలవుల్లో కరీంనగర్‌లో ఒక దుకాణం ముందు మా చిన్నోడు కూర్చుని లేవనంటే కొనిచ్చిన ప్రాణి. పంజరం ముందర ఫినాయిల్ చల్లిన మరకలు, కాలిపోయిన అగరుబత్తి పుల్లలు, పక్కన గుడ్డలో మూటగట్టిన కలరా ఉండలు. లోపల మాత్రం నేను పోయేటప్పుడు వేసిన గడ్డే, తడిసి నల్లబడి అడుగుకు అతుక్కుపోయి ఉంది.

"తొమ్మిది రోజులు ఎవ్వరూ తీయలేదా?" అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నువ్వు వస్తవ్ గదా అని ఊకున్నం" అన్నాడు మా ఆయన. ఆ తొమ్మిది రోజుల్లో లడ్డును ఎత్తుకుని దిగిన ఫోటోలు మాత్రం ఫోన్లో నలభై దాకా ఉన్నాయి.

ఎత్తి చూస్తే అరికాళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. పొట్ట కింది వెంట్రుకలు తడికి పసుపు పచ్చగా ఉండలు కట్టాయి. మర్నాడు జగిత్యాలకు తీసుకుపోతే పశువుల డాక్టరు అడిగింది ఒక్కటే ప్రశ్న. "కింద గడ్డి ఎన్ని రోజులకోసారి మారుస్తున్నరమ్మా?" నేనే తల వంచుకున్నాను. తప్పు ఎవరిదైనా ఆ ప్రశ్నకు తల వంచేది మనమే గదా!

దుకాణంవాడు "దీనికి పని ఏం ఉండదు మేడం, కుక్క లెక్క కాదు" అన్నాడు. పని ఉండదట! రోజుకు వందకు పైగా పెంటికలు వేస్తుంది ఇది. (వాటిలో మెత్తటివి కొన్ని మళ్లీ తనే తింటుంది. మా అత్తమ్మ చూసి "ఛీ" అంటుంది కానీ దాని అరుగుదల పద్ధతే అంత, కుందేలు కూడా అంతే.) పేరులో పంది ఉన్నా ఎలుకల జాతిది. అండీస్ కొండల చల్లటి నేల మీద వేల ఏళ్ల కిందట మచ్చికైన ప్రాణి. 30 డిగ్రీలు దాటితేనే దానికి ప్రాణం మీదికి వస్తుంది, మన దగ్గరేమో ఎండాకాలం 45. ఆ వేడికి మూత్రం కుళ్లి అమ్మోనియా ఘాటు లేస్తుంది. మనం నిలబడి పీలుస్తాం కాబట్టి మనకు "కొంచెం వాసన". దాని ముక్కు మాత్రం పొద్దంతా ఆ గడ్డిలోనే ఉంటుంది.

మరి మావాళ్లు ఫినాయిల్ ఎవరి కోసం చల్లినట్టు? వచ్చే చుట్టాల ముక్కు కోసం! లోపల ఉన్న ప్రాణికి ఆ ఘాటు ఇంకో బాధ. కలరా ఉండలైతే ఏకంగా విషమే. ఊరికే ఊరుకున్నా కొంత నయముండేది.

నేను చేసే పద్ధతి చెప్తాను, పెద్ద విద్యేం కాదు. ముందు దాన్ని గంపలో కూర్చోబెట్టాలి. తడిసిన చోట గడ్డి, పెంటికలు రోజూ తీసేయాలి. వారానికి రెండుసార్లు మొత్తం తీసి, పంజరం కడిగి ఎండలో పెట్టాలి. అడుగున తెల్లగా గట్టిపడే పొరకు నిమ్మరసం పోసి కాసేపు నానబెడితే ఊడి వస్తుంది, తర్వాత మంచినీళ్లతో కడగాలి. జాలీ మీద నిలబెట్టొద్దు, కాళ్లు పుండ్లు పడతాయి. చదునైన అడుగు మీద పేపర్లు పరిచి, చాటలో దుమ్ము చెరిగిన ఎండు వరిగడ్డి మెత్తగా వేస్తే చాలు. బూజు వాసన వచ్చే గడ్డి మాత్రం వద్దు.

గడియారం పెట్టుకుని చూశాను. మామూలు రోజు పావుగంట, కడిగే రోజు ముప్పావు గంట. వారానికి దగ్గర దగ్గర మూడు గంటలు. ఇది అయిదారేళ్లు బతుకుతుంది, ఎనిమిదేళ్లు కూడా బతకొచ్చు. కొనే రోజు ఈ లెక్క ఎవ్వరూ వేయలేదు. వేయాల్సిన అవసరం వాళ్లకు రాలేదు, అమ్మ ఉంది గదా.

ఇది పట్నపు షోకుతో వచ్చిన గోల అనుకునేరు. మా తల్లిగారింట్లో నాలుగు బర్రెలుండేవి. పొద్దున్నే పెండ తీసి తట్టలో నెత్తిన పెట్టుకుని పెంటకుప్ప దాకా మోసింది మా అమ్మ. పాల పైసలు మా నాయిన జేబులో. కొట్టం ఊడ్చి ఊడ్చి అరిగిన ఆ మోకాలికే ఇప్పుడు ఆపరేషన్ అయింది.

"చదువుకునే పోరడు, వాడితో పెంట తీయిస్తవా?" అంటుంది మా అత్తమ్మ. మా పెద్దది ఇంటర్ రెండో సంవత్సరం, చదువు దానిది కాదా? నేను కోరుట్ల పోయేటప్పుడు అందరూ దానికే చెప్పారు. "కావాలన్నది తమ్ముడు, నేనెందుకు తీయాలె?" అంది. నోరు పెద్దదైందన్నారు. నిజం చెప్పాలంటే ఆరోజు నేనూ మనసులో అదే అనుకున్నాను. తొమ్మిది రోజులకు తెలిసింది అది అడిగింది న్యాయమేనని.

"మీరు తీయకపోతే నేనూ తీయను" అని మొండికేద్దామా అంటే, అందులోనే ఉంది మెలిక. మనం చేతులు కట్టుకుంటే కాళ్లు పుండ్లయ్యేది ఆ మూగ జీవికి, వాళ్లకు కాదు. పసిపిల్లలైనా, మంచాన పడ్డ ముసలివాళ్లైనా, బర్రెలైనా ఇంతే. మన చేతులు ఆగవని ఇంట్లో అందరికీ తెలుసు.

అందుకని వేరే షరతు పెట్టాను. పంజరం తీసినవాళ్లకే లడ్డును ఎత్తుకునే హక్కు. వంతులు రాసి ఫ్రిజ్ మీద అంటించాను, నా పేరు లేకుండా. చిన్నోడు మూడు రోజులు ఏడ్చాడు. నాలుగో రోజు చీపురు పట్టాడు. గడ్డి సగం వరండా అంతా పడేశాడు, అయినా నేను ఎత్తలేదు. అత్తమ్మ ఎత్తబోతే ఆపాను, దానికి రెండు రోజులు మాటల్లేవు మా మధ్య.

లడ్డు కాళ్లు మానుతున్నాయి. మొన్న బుధవారం మా ఆయన వంతు. పొలం నుంచి వచ్చేసరికే చీకటి పడింది. టార్చి నోట్లో పట్టుకుని గడ్డి తీశాడు. కాసేపటికి వరండాలోంచి కేక, "ఈ తెల్లగా అతుక్కున్నది ఎట్ల పోతదే?"

నిమ్మకాయలు ఫ్రిజ్‌లో ఉన్నాయని చెప్పి, టీవీ సౌండు కొంచెం పెంచుకున్నాను.