హెడ్మాస్టరు పనికీ ఓ చదువుంది

మంచి మేస్త్రీ అయినంత మాత్రాన మంచి ఫోర్‌మన్ అయిపోడు. ఇది సైటులో అందరికీ తెలిసిన సంగతే. గోడ తిన్నగా కట్టడం ఒక పని, ముప్పై మంది చేత తిన్నగా కట్టించడం ఇంకో పని. డిప్లొమా పట్టుకుని జుబైల్ వచ్చిన మాలాంటి వాళ్లం సూపర్‌వైజర్లమైన కొత్తలో ఈ తేడా తెలియక చీవాట్లు తిన్నవాళ్లమే. మరి మన పిల్లల బడి విషయంలో ఈ తేడా మనకెందుకు గుర్తుకు రాదు?

జుబైల్‌లో కుటుంబంతో ఉన్నవాళ్లకు ఇంటర్నేషనల్ ఇండియన్ స్కూల్ ఉంది. దాని మేనేజింగ్ కమిటీలో తల్లిదండ్రులే ఉంటారు. కానీ క్యాంపుల్లో ఉండే మనలో చాలామందికి ఫ్యామిలీ వీసా లేదు. ఉన్నవాళ్లకూ 2017 జూలైలో తలకు నెలకు 100 రియాళ్లతో మొదలైన డిపెండెంట్ ఫీజు 2020 నాటికి 400 అయ్యింది. ఆ భారం మోయలేక ఎందరో పిల్లల్ని ఊరికి పంపేశారు. అక్కడి బడి గురించి మనకు తెలిసేది ఫీజు రసీదు, మార్కుల కార్డు, అంతే.

మా క్యాంపులో ఒక అన్న కూతురు ఊళ్లో ప్రైవేటు బడిలో పదో తరగతి చదివింది. రెండేళ్లలో ముగ్గురు ప్రిన్సిపాళ్లు మారారు. లెక్కల సారు మధ్యలో మానేస్తే రెండు నెలలు ఆ పీరియడ్ ఖాళీ. మూడంతస్తుల బిల్డింగు ఉంది, బస్సులున్నాయి, ఫోన్ చేస్తే జవాబు చెప్పే మనిషే లేడు.

సర్కారు బడుల్లో టీచర్లు ఎక్కువగా సీనియారిటీ మీదే హెడ్మాస్టర్లవుతారు. నిన్నటిదాకా పాఠం చెప్పిన మనిషి నేటి నుంచి మధ్యాహ్న భోజనం లెక్కలు, టీచర్ల సెలవులు, తల్లిదండ్రుల ఫిర్యాదులు అన్నీ చూడాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రిన్సిపాల్ కావాలంటే విడిగా లైసెన్సు ఉండాలి, దానికి సాధారణంగా మాస్టర్స్ చదవాలి. మన దేశంలోనూ ఈ చదువు లేకపోలేదు. ఢిల్లీలోని నీపా 2012లో పాఠశాల నాయకత్వానికి జాతీయ కేంద్రం పెట్టింది. ఇగ్నో దూరవిద్యలో విద్యా నిర్వహణకు పీజీ డిప్లొమా ఉంది.

కాగితం ఉంటే చాలా అని అడగొచ్చు. చాలదు. ఏ డిప్లొమా లేకుండానే బడిని కన్నబిడ్డలా చూసుకున్న హెడ్మాస్టర్లు మన ఊళ్లలో ఉన్నారు. కానీ వాళ్లు తప్పులు చేసి నేర్చుకునేలోగా రెండు మూడు బ్యాచ్‌ల పిల్లలు దాటిపోతారు. సైటులో తప్పు కడితే పగలగొట్టి మళ్లీ కడతాం. పిల్లకు పోయిన ఏడాదిని మళ్లీ కట్టివ్వలేం.

అందుకే ప్రభుత్వాలు కుర్చీ ఇవ్వకముందే శిక్షణ ఇవ్వాలి, ఇచ్చాక కాదు. మన వంతు పనీ ఉంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన ఇల్లాళ్లు అందులో కూర్చుని నోరు విప్పి అడగాలి. బీఎడ్ చేసి పాఠాలు చెబుతున్న చెల్లెలో, మరదలో ఉంటే, ప్లాటు కోసం దాచిన దాంట్లోంచి కొంత తీసి ఈ చదువు చదివించండి.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఫీజు కట్టారా అని అడిగాక ఇంకో మాటా అడగండి. మీ బడి పెద్దసారు ఎవరు, ఆయన వచ్చి ఎన్నాళ్లయింది? ఇంట్లో ఎవరూ చెప్పలేకపోతే, ముందు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.