పాట ఎవరికొరకు?



దొనకొండ, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల సంఘములలో ఒక వాదము వినబడుచుండును. పాట కలకాలము నిలువవలెను, జనుల మెప్పుతో పనిలేదని పెద్దలందురు. జనులు పాడని పాట ఎంత గొప్పదైన నేమి, సినిమా వరుసైనను సరే, అందరు చప్పట్లు కొట్టి పాడవలెనని యౌవనులందురు. ఇరువురును సగమే చూచుచున్నారు.

1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు అక్షరమెరుగని కూలిజనులు. అట్టివారికి చెవియే పుస్తకము. ఇంటికి పోవుచు పాడుకొనలేని పాట వారికేమి మేలు చేయును? సులభముగా నోటికి వచ్చుట పాటకు తక్కువతనము కాదు. అది పేదలయెడల చూపవలసిన ప్రేమ.

పురుషోత్తమ చౌదరిగారిని (1803-1890) చూడుడి. పల్లవి, చరణము, రాగము, తాళము—తెలుగువారెరిగిన త్రోవనే ఆయన పట్టెను. ఆయన గతించి 130 సంవత్సరములు దాటినను ఆ కీర్తనలు పాడుచునే యున్నాము. జనులకు దగ్గరగా నుండియు మాటలో బరువు తగ్గింపలేదు గనుకనే అవి నిలిచినవి.

"సినిమా వరుసయు జనులెరిగినదే గదా" అందురేమో. రాగము ఊరబావి వంటిది. ఎవరి కడవ వారు ముంచుకొనవచ్చును. సినిమా వరుస మరియొకరి కడవ. అందులోని నీళ్లు ఇంకను పారబోయలేదు. నోరు ప్రభువును పాడుచుండగా మనస్సు తెరమీది బొమ్మవైపు పోవును. జర్మనీలో హాస్లర్ 1601లో అచ్చువేయించిన ప్రేమపాట వరుస పిమ్మట శ్రమల కీర్తనకు వరుసయైనది నిజమే. అయితే అక్కడ కాలక్రమమున మొదటి మాటలు మరుగుపడి, బరువైన మాటలు ఆ వరుసను తమ సొంతము చేసికొనెను. మన వరుసల మొదటి మాటలో, నిన్ననే ఫోనులో వినబడినవి!

పాటలు కట్టు తమ్ములారా, మెప్పును వెదకకుడి, శాశ్వత కీర్తిని వెదకకుడి. రెండును మీ చేతిలో లేవు. మీ సంఘములోని చదువురాని అవ్వను తలంచుడి. కరెంటు పోయిన రాత్రి, రోగి మంచము ప్రక్కన, పుస్తకము లేక ఆమె మీ పాట పాడగలదా? పాడి, ఆ మాటలమీద తన దుఃఖమును మోపగలదా? పాడలేనిది జనులను చేరదు, మోపలేనిది నిలువదు.

పెద్దలారా, మీకును ఒక మాట. కోలాటపు వరుసలను ఈసడింపకుడి. మీరు ప్రేమించు కీర్తన నొకదానిని ఈ ఆదివారమే పిల్లలకు అర్థముతో నేర్పుడి. నేర్పని పాట ఎంత గొప్పదైనను మీతోనే సమాధికి పోవును.