టమ్మీ టక్‌తో పాటే హెర్నియా ఆపరేషన్.. కోత ఒక్కటే, బిల్లులు మాత్రం రెండు!

"ఎలాగూ పొట్ట కోస్తున్నాం కదా, హెర్నియా కూడా సరిచేసేద్దాం".. లేదంటే, "హెర్నియాకు వచ్చారు కాబట్టి పొట్ట కూడా తగ్గించేద్దాం, ఇన్సూరెన్స్‌లో వెళ్లిపోతుంది". కాన్పుల తర్వాత పొట్ట జారిందని కాస్మెటిక్ క్లినిక్ మెట్లెక్కే మహిళలకు ఇలాంటి మాటలు ఎదురవుతుంటాయి. మొదటి మాటలో వైద్యపరంగా నిజం ఉంది. చిక్కంతా రెండో మాటతోనే.

తెలుగు రాష్ట్రాల్లో దీనిపై మాట్లాడుకోవడానికి కారణం ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం ప్రసవాలు సిజేరియన్లే. దేశంలో ఇదే అత్యధికం. ఏపీలో 42.4 శాతం, దేశ సగటు 21.5 శాతం. అలాగని సిజేరియన్ అయిన ప్రతి ఒక్కరికీ హెర్నియా వస్తుందని కాదు. పొత్తికడుపు కింద అడ్డంగా పెట్టే కోతతో ఆ ముప్పు తక్కువే. నిలువు కోత పెట్టినవాళ్లలో, కుట్లకు చీము పట్టినవాళ్లలో ఎక్కువ. ఇక బొడ్డు దగ్గర వచ్చే హెర్నియాకు కోతతో పనే లేదు, గర్భంతో పొట్ట సాగినప్పుడు నార్మల్ డెలివరీ అయినవాళ్లకూ రావొచ్చు.

ఉబ్బు ఉంటే హెర్నియానేనా?

కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. పొట్ట మధ్యలో కుడి, ఎడమ కండరాలను కలిపే ఒక పట్టీ ఉంటుంది. గర్భంలో అది సాగి, కండరాలు దూరం జరుగుతాయి. దీన్నే డయాస్టాసిస్ అంటారు. పడుకుని తల పైకెత్తితే పొట్ట మధ్యలో గట్టులా లేస్తుంది. పట్టీ పలచబడింది తప్ప చిల్లు పడలేదు. హెర్నియా అలా కాదు.. నిజంగానే చిల్లు ఉంటుంది, అందులోంచి కొవ్వో పేగో బయటకు తోసుకొస్తుంది.

మొదటిది ఫిజియోథెరపీ వ్యాయామాలతో చాలామందిలో మెరుగుపడుతుంది. రెండోది వ్యాయామంతో పూడదు. ఇంట్లో పెద్దవాళ్లు బాలింతకు బిగించే నడికట్టు నడుముకు ఆసరా ఇస్తుందేమో కానీ, చిల్లును మాత్రం మూయలేదు. హెర్నియా ఉందో లేదో తేల్చాల్సింది సర్జన్ చేతి పరీక్ష, అవసరమైతే అల్ట్రాసౌండ్ లేదా సీటీ స్కాన్. ఆ రిపోర్ట్ చేతిలో లేకుండా 'రెండూ కలిపి చేద్దాం' అనే మాటే తొందరపాటు.

కలిపి చేస్తే లాభమేంటి?

టమ్మీ టక్‌లో పొత్తికడుపు కింద ఒక తుంటి నుంచి మరో తుంటి దాకా కోత పెట్టి, చర్మాన్ని, కొవ్వును పైకి లేపుతారు. దాంతో పొట్ట గోడ మొత్తం సర్జన్ కళ్ల ముందే ఉంటుంది. హెర్నియా చిల్లు మూయడం, అవసరమైతే మెష్ వేయడం, దూరమైన కండరాలను దగ్గరకు కుట్టడం.. అన్నీ ఒకే మత్తులో, ఒకే కోతలో అయిపోతాయి. పొట్ట చర్మం బాగా వేలాడుతూ, పెద్ద హెర్నియా కూడా ఉన్నవాళ్లకు ఇది నిజంగా మేలైన దారే.

కానీ చిన్న బొడ్డు హెర్నియా ఒక్కటే ఉంటే? దానికి చిన్న కోత చాలు, చాలామంది అదే రోజో, మర్నాడో ఇంటికెళ్లిపోతారు. టమ్మీ టక్ జోడిస్తే అది గంటల ఆపరేషన్. డ్రెయిన్ గొట్టాలు, వారాల విశ్రాంతి తప్పవు. చర్మం కింద నీరు చేరడం, మెష్‌కు ఇన్ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం లాంటి ముప్పులూ ఉంటాయి. బొడ్డు హెర్నియా విషయంలో ఇంకో మెలిక. టమ్మీ టక్‌లో బొడ్డు చుట్టూ చర్మం కోసి, దాన్ని తొడిమ మీదే ఉంచుతారు. ఆ తొడిమలోనే హెర్నియా కుట్లూ పడితే రక్తప్రసరణ దెబ్బతిని బొడ్డు నల్లబడి చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే కొందరు సర్జన్లు విడివిడిగా చేద్దామంటారు. అలా చెప్పిన డాక్టర్‌ను అనుమానించాల్సిన పని లేదు.

ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు, బరువు ఇంకా తగ్గుతున్నవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు, సిగరెట్ మానలేనివాళ్లు ఆగడమే మంచిది.

ఇన్సూరెన్స్ మెలిక

ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధనల ప్రకారం రూపం మార్చుకునే సర్జరీకి పాలసీ డబ్బులివ్వదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి, ఆరోగ్యానికి తక్షణ ముప్పు ఉందని డాక్టర్ ధ్రువీకరించిన చికిత్సకు మాత్రం మినహాయింపు. హెర్నియా రిపేర్ కవర్ అవుతుంది, కానీ చాలా పాలసీల్లో దానికి 2 ఏళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. కండరాల ఎడం ఒక్కటే ఉంటే కంపెనీలు సాధారణంగా కాస్మెటిక్ కిందే చూస్తాయి. పన్ను లెక్క కూడా వేరు.. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది, అందం కోసం చేసే సర్జరీకి లేదు.

అంటే ఒకే టేబుల్ మీద జరిగే పనికి రెండు లెక్కలు ఉండాలి. సర్జన్ ఫీజు విడదీయడం సులువే. మరి మత్తు ఖర్చు, థియేటర్ చార్జీ, అదనంగా ఉన్న రోజుల గది అద్దె ఎవరి ఖాతాలోకి? డిశ్చార్జ్ రోజు గొడవ పడకుండా, ఆపరేషన్‌కు ముందే ఆస్పత్రి నుంచి విడివిడి అంచనా రాతపూర్వకంగా తీసుకోవాలి. క్యాష్‌లెస్ అనుమతి కోరే పత్రంలో రెండు సర్జరీల పేర్లూ ఉండాలి.

"అంతా హెర్నియా అని రాసేస్తాం" అనే ఆఫర్ వినడానికి సాయంలాగే ఉంటుంది. కానీ ఆపరేషన్ నోట్స్‌లో తుంటి నుంచి తుంటికి కోత, తీసేసిన చర్మం బరువు కనిపిస్తే క్లెయిమ్ విభాగానికి విషయం ఇట్టే తెలిసిపోతుంది. 60 నెలలు కట్టిన పాలసీకి ఉండే రక్షణ కూడా మోసం రుజువైతే పనిచేయదు. పోయేది ఈ ఒక్క క్లెయిమే కాదు, ఇంటిల్లిపాదికీ ఉన్న పాలసీ. సంతకం మాత్రం పేషెంట్‌దే!

అమెరికా నుంచి నెల సెలవుపై వచ్చి ఆపరేషన్ చేయించుకుని వెళ్దామనుకునే తెలుగువాళ్లు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. పెద్ద ఆపరేషన్ తర్వాత గంటల తరబడి విమానంలో కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. తిరుగు టికెట్ తేదీ సర్జన్‌ను అడిగాకే బుక్ చేసుకోవాలి.

ఇవేవీ వర్తించని పరిస్థితి ఒకటుంది. ఉబ్బు గట్టిపడి లోపలికి వెళ్లకపోవడం, భరించలేని నొప్పి, వాంతులు, చర్మం ఎర్రగా లేదా నల్లగా మారడం.. ఇవి పేగు ఇరుక్కుందనడానికి గుర్తులు. గంటల్లోనే పేగు కుళ్లిపోవచ్చు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. అక్కడ ముందు పేగును కాపాడతారు, టమ్మీ టక్ మాట తర్వాతే.