పుక్కిటి పురాణమా? కళ్లారా చూసిన సాక్ష్యమా?

గ్రీకుల జ్యూస్ కథను పురాణమంటున్నాం కదా, మరి మన దేశపు దేవుళ్ల కథలు, యేసుక్రీస్తు చరిత్ర కూడా పురాణాలే కావా? చదువుకున్న యువత ఈ రోజుల్లో తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడిగేవారంతా నాస్తికులు కారు. పలాస, టెక్కలి ప్రాంతాల నుంచి చదువుకో, ఉద్యోగానికో విశాఖ, హైదరాబాదు వెళ్లి పండగకు ఇంటికొచ్చిన మన సంఘాల పిల్లలూ అడుగుతున్నారు. కసిరి నోరు మూయించడం దీనికి జవాబు కాదు.

చిక్కంతా ఒక మాటలోనే ఉంది. ఇంగ్లిషులో ‘మిథ్’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒక జనం తమ దైవాన్ని, లోకాన్ని, తమ బతుకును అర్థం చేసుకోవడానికి తరతరాలుగా చెప్పుకునే పవిత్రగాథ అని పండితుల ఉద్దేశం. బజారులో మాత్రం అదే మాటకు అబద్ధమని అర్థం. తెలుగులోనూ అంతే. పురాణమంటే ప్రాచీనమైనదని అర్థం. దానికి ముందు ‘పుక్కిటి’ అని చేరిస్తే అది తిట్టవుతుంది.

ఈ మాటను వాడడంలో పక్షపాతం కూడా జరిగింది. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ రూపొందించిన గ్రంథాలయ వర్గీకరణలో మతానికి 200 నుంచి 299 వరకు అంకెలు కేటాయించారు. అందులో 289 వరకు దాదాపు అన్నీ బైబిలుకు, క్రైస్తవ్యానికే దక్కాయి. లోకంలోని మిగతా మతాలన్నీ 290 మొదలు చివరి పది అంకెల్లో సర్దుకోవలసి వచ్చింది. మాది మతం, మీది మిథాలజీ అనే ఈ చూపు నేర్పింది సువార్త కాదు, పాలించినవారి గర్వం. టెక్కలి దగ్గర రావివలసలో పైకప్పు లేకుండా ఎండలోనే వెలసిన మల్లికార్జునుని ముందు చేతులు జోడించే మన పొరుగువారు మిథాలజీని చూడడానికి వెళ్లడం లేదు. అది వారి విశ్వాసం. దానితో మనం ఏకీభవించకపోవచ్చు. కానీ దానికి ఎగతాళి పేరు పెట్టే అధికారం మనకెవరిచ్చారు?

బైబిలు ఏమంటుందో చూద్దాం. ‘మిథ్’కు మూలమైన ‘మూథోస్’ అనే గ్రీకు మాట కొత్త నిబంధనలో ఐదేసార్లు కనిపిస్తుంది. తిమోతికి రాసిన రెండు పత్రికల్లో మూడుసార్లు, తీతు పత్రికలో ఒకసారి, పేతురు రెండో పత్రికలో ఒకసారి. మొదటి నాలుగూ సంఘంలోపలి బోధ గురించిన హెచ్చరికలు. ఐదోచోట, మేము అల్లిన కథలు చెప్పలేదు, కళ్లారా చూసిందే చెప్పామని పేతురు అంటాడు. పొరుగువారి గుడిమీద ఆ మాటను ఒక్కసారి కూడా విసరలేదు!

తిమోతి ఉన్నది ఎఫెసులో. ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన అర్తెమి దేవి ఆలయం ఉన్న ఊరది. అయినా కల్పిత కథలతో జాగ్రత్త అని పౌలు చెప్పింది ఆ ఆలయాన్ని చూపించి కాదు, సంఘంలోని బోధకులను చూపించి. అదే ఊళ్లో అల్లరి జరిగినప్పుడు, వీళ్లు మన దేవతను దూషించినవారు కారని నగరపు కరణమే సాక్ష్యమిచ్చాడు (అపొ.కా. 19:37). మైకు పెట్టి సువార్త చెప్పే మన గురించి మన ఊరి సర్పంచి అంత మాట అనగలడా?

అయితే క్రీస్తు సంగతి కూడా అందమైన గాథేనా? 1941లో జర్మన్ పండితుడు రుడాల్ఫ్ బుల్ట్‌మన్, కొత్త నిబంధనలోని పురాణ రూపాన్ని పక్కనబెట్టి దాని సందేశాన్ని గ్రహించాలని వాదించాడు. సంఘటన జరగకపోయినా సందేశం చాలుననే తీరుకు పౌలు మాత్రం ఒప్పుకోడు. క్రీస్తు లేవకపోతే మన విశ్వాసం వ్యర్థమని ఆయన తేల్చేశాడు (1 కొరింథీ 15). లేచిన ప్రభువును చూసినవారిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా రాశాడు. అంటే, వెళ్లి అడిగి చూసుకోండని అర్థం. లూకా తిబెరి కైసరు ఏలుబడిలోని సంవత్సరాన్ని సైతం పేర్కొన్నాడు. క్రైస్తవుడు కాని రోమా చరిత్రకారుడు టాసిటస్, పిలాతు కాలంలో క్రీస్తుకు పడిన మరణశిక్షను ప్రస్తావించాడు. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికింది. ఆ రాయి పునరుత్థానాన్ని రుజువు చేయదు. అది విశ్వాసంతో అందుకోవలసిందే. కానీ మన విశ్వాసం పరీక్షకు భయపడేది కాదని మాత్రం ఇవి చెబుతాయి. సువార్త తనను తాను సాక్ష్యమని చెప్పుకుంటుంది, సాక్ష్యమంటే ప్రశ్నకు నిలబడాలి.

సరిగ్గా ఇక్కడే ఉద్దానం మనల్ని నిలదీస్తోంది. కొబ్బరి, జీడితోటల ఈ పచ్చని సీమలో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఇళ్లకు ఇళ్లను కుంగదీస్తోంది. అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ మీద బతికే మనిషికి, ప్రార్థనతో ఫలానావారి కిడ్నీలు బాగయ్యాయి, నీకూ మందులక్కర్లేదు అని వేదికమీంచి చెబితే, ఆ ఫలానావారు ఎవరో, ఏ ఊరో, ఏ రిపోర్టో ఎవరికీ తెలియకపోతే, పౌలు హెచ్చరించిన కల్పిత కథ అదే. అది నమ్మి డయాలసిస్ మానేస్తే పోయేది ఒక ప్రాణం. ప్రార్థించడం మన ధర్మం. రుజువు లేని సాక్ష్యం చెప్పడం పాపం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి తోటలను నేలమట్టం చేసింది. ఇలాంటి విపత్తు రాగానే, ఇది ఫలానావారి పాపఫలమనే కథలూ పుడతాయి. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది ఇతరులకంటే పాపులు కారని ప్రభువే చెప్పాడు (లూకా 13:4). ఆయన కొట్టేసిన కథను మనం తిరిగి అల్లకూడదు.

సోంపేట ఆరోగ్యవరం ఆస్పత్రిలో కెనడా మిషనరీ వైద్యుడు బెన్ గలిసన్ కంటి వైద్యం చేశారు. ఆ సేవకు అండగా 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టింది. పొర తీయించుకుని లోకాన్ని చూసిన మనిషి దగ్గర అది పురాణమా, నిజమా అన్న చర్చ లేదు.

కాబట్టి ప్రియులారా, పొరుగువారి విశ్వాసం మీద విసరడానికి ఎత్తిన ఆ మాటను కింద పెడదాం. దాన్ని మన పుల్పిట్ల దగ్గర, మన సాక్ష్యకూటాల్లో కొలబద్దగా వాడుకుందాం. నిజం తప్ప మరొకటి పలకని సంఘం ఈ తీరంలో ఉంటే, దాని ప్రభువును కట్టుకథ అనడానికి ఎవరికైనా నోరు రాదు.