ఫ్రిజ్‌కో న్యాయం, చేబదులుకో న్యాయం

కొత్తవలస వాళ్లు పెద్ద సరుకేదైనా కొనాలంటే విశాఖ పోతారు. అక్కడ కొన్న ఫ్రిజ్ నెలకే మూలపడి, దుకాణదారు ‘కంపెనీని అడగండి’ అంటే చాలామంది అక్కడితో ఊరుకుంటారు. పదిహేను వేల కోసం విశాఖ కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు? పాత చట్టం ప్రకారం వ్యాపారి ఉన్నచోటో, వ్యవహారం జరిగినచోటో కేసు వేయాల్సి వచ్చేది. 2020 జూలైలో అమల్లోకొచ్చిన వినియోగదారుల రక్షణ చట్టంతో ఆ బాధ తప్పింది. మనం ఉంటున్న జిల్లాలోనే, అంటే విజయనగరం వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు. వకీలూ తప్పనిసరి కాదు. ముందు వ్యాపారికి నోటీసు పంపి, రసీదు, వారంటీ కార్డు, ప్రమాణపత్రం జతచేసి, జరిగిందీ రావలసిందీ రాసివ్వాలి. గడువు రెండేళ్లు. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. వాయిదాల సంగతి వేరే చెప్పాలా?

చేబదులు ఎగవేత ఈ కమిషన్ పరిధిలోకి రాదు. అది సివిల్ కోర్టు వ్యవహారం. ప్రోనోటు బీరువాలో దాచి పెద్దమనుషుల చుట్టూ తిరుగుతుంటే మూడేళ్లు ఇట్టే గడిచిపోతాయి, కాగితం చెల్లకుండా పోతుంది. అంతకు ముందే న్యాయసేవల కమిటీకి అర్జీ పెడితే లోక్ అదాలత్‌లో ఖర్చు లేకుండా రాజీ కుదరొచ్చు. ఆ తీర్పుపై అప్పీలుండదు. ఈ వివరాలు ప్రతి సచివాలయం గోడ మీదా తెలుగులో రాయించడానికి అధికారులకు అడ్డేమిటి?